జనరేటరుకు వేసిన తాళం

మొన్న ఆదివారం మా అపార్టుమెంటు సంఘం వాళ్ళు ఒక కాగితం పట్టుకొని ఇల్లిల్లూ తిరుగుతూ మూడో అంతస్తులో ఉన్న మా ఇంటికి కూడా వచ్చారు. కింద బండ్లు పెట్టేచోట ఉన్న జనరేటరులో డీజిలు ఉండవలసిన దానికంటే తగ్గిపోతున్నదట, వాచ్‌మన్ మీద అందరికీ అనుమానంగా ఉన్నదట, అతనికి చెప్పకుండా జనరేటరుకు ఎదురుగా ఒక కెమెరా పెట్టిస్తే దొంగ తనంతట తానే దొరుకుతాడట. అందరి సంతకాలూ అయ్యాయి, నాదొక్కటే మిగిలింది. కళ్ళద్దాలు కనబడటం లేదు, రేపు చేస్తానని పంపించాను. కళ్ళద్దాలు నా నెత్తి మీదే ఉన్నాయని వాళ్ళు చూశారు, నాకూ తెలుసు. పెద్దదాన్ని కదా అని సరేనంటూ పోయారు.

ఆ సంతకం ఎందుకు చేయలేకపోయానో చెప్పాలంటే తొంభయ్యో దశకం నడుమకు పోవాలి. అప్పుడు సిద్దిపేటలో జనరేటరంటే పెళ్ళి పందిరి వెనకనో, సినిమా హాలు పక్కనో నల్లగా పొగ కక్కుతూ ఉండేదే తప్ప ఇళ్ళలో ఉండేది కాదు. మా ఇంట్లో ఉండేది. అందుకే మా వాడకట్టులో మమ్మల్ని జనరేటరోళ్ళు అని పిలిచేవాళ్ళు, ఉత్తరాల మనిషికి కూడా అదే గుర్తు. దాన్ని గొప్ప కోసం కొనలేదు. మా మామ ముప్పై ఏళ్ళు బియ్యం మిల్లులో గుమాస్తాగా చేసి, తవుడు దుమ్మంతా పీల్చి పీల్చి ఆయాసం తెచ్చుకున్నాడు. చలికాలం ఎట్లాగో గడిచేది కానీ, ఎండాకాలం గాలిదుమారాలు మొదలైతే ఆయన రొమ్ము కొలిమి తిత్తి లాగా ఎగిసేది. హైదరాబాదులో పెద్ద డాక్టరు చూసి, చిన్న ఆవిరి మిషను ఒకటి రాసిచ్చి, ఆయాసం లేవగానే ముక్కుకు మూత తగిలించి మందు పట్టాలని, దవాఖానకు తీసుకుపోయేదాకా ఆగితే ప్రాణం మీదికి వస్తుందని హెచ్చరించాడు. ఆ మిషను కరెంటుతో నడిచేది. ఆ రోజుల్లో ఎండాకాలం కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో నా ఈడు వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. మా ఆయనా మా మరిదీ కలిసి సికింద్రాబాదు పోయి, ఎవరో వాడి వదిలేసిన చిన్న జనరేటరును బస్సు మీద వేసుకొని తెచ్చారు.

మా ఆయన కొండపాకలో పంతులు, పొద్దున్నే పోతే సాయంత్రం వచ్చేవాడు. మా మరిది బట్టల దుకాణంలో ఉండేవాడు. ఇంట్లో మిగిలేది మామ, అత్తమ్మ, నేను, మా తోటికోడలు. నేను సైన్సు తీసుకొని ఇంటరు చదివినదాన్ని కాబట్టి జనరేటరు నా చేతికే వచ్చింది, నేనూ తీసుకున్నాను. చెప్పొద్దూ, ఆ వయసులో నాకు దానంత ఇష్టమైన నగ లేదు. దానికి రెండు ట్యాంకులు ఉండేవి, చిన్నదాంట్లో పెట్రోలు, పెద్దదాంట్లో కిరసనాయిలు. కొంగు నడుముకు దోపి తాడు గుంజి పెట్రోలుతో మొదలుపెట్టాలి, రెండు నిమిషాలు వేడెక్కనిచ్చి పక్కనున్న చిన్న పిడిని కిరసనాయిలు వైపు తిప్పాలి, ఆపేముందు మళ్ళీ పెట్రోలుకు తేవాలి. వారానికొకసారి గాలి పీల్చే స్పంజి ఊడదీసి దుమ్ము కడగాలి, ప్లగ్గును గరుకు కాగితంతో రుద్దాలి, ఆయిలు చూడాలి. దసరాకు అత్తమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టి నిమ్మకాయ కట్టేది.

అయితే దానికి అసలు శత్రువు ఎండ. వెనక రేకుల వసారాలో, కుక్కలు రాకుండా వెల్డింగు చేయించిన జాలీ డబ్బాలో ఉండేది. మే నెలలో మధ్యాహ్నం దాని ఒంటి మీద చెయ్యి వేస్తే బొబ్బలెక్కేది. అంత వేడిలో ఎన్నిసార్లు తాడు గుంజినా మొండికేసేది. అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. మంచినీళ్ళ కుండకు తడిగుడ్డ చుడతాము కదా, దీనికి మాత్రం ఎందుకు చుట్టకూడదని ఒక గోనెసంచిని బకెట్లో ముంచి ట్యాంకు మీద కప్పి, పొద్దున పదింటికి ఒకసారి, పన్నెండుకు ఒకసారి చెంబుతో నీళ్ళు చల్లడం మొదలుపెట్టాను. పైగా దుమ్ము కూడా పడేది కాదు. చెప్పినట్టే ఒక్క గుంజుకు లేచేది. మామ మురిసిపోయి, నా పెద్ద కోడలు ఇంజనీరని వాడకట్టంతా చెప్పాడు. ఆయన చెప్పనివాళ్ళకు నేను చెప్పాను.

మా తోటికోడలు రాయపోల్ దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంటి నుంచి వచ్చింది, ఏడో తరగతితో బడి మానేసింది, మాట తక్కువ. చూపులకు పోయినప్పుడే అత్తమ్మ దాని కాలి చిటికెనవేలు నేలకు ఆనదని కనిపెట్టి, అట్లాంటి ఆడదాన్ని నమ్మొద్దంటారని ఇంటికొచ్చి సణిగింది. మామ ఆ మాటను తీసిపారేశాడు కానీ నా చెవిలో మాత్రం అది ఉండిపోయింది. అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. పాలమనిషి పాలు పోస్తుంటే గిన్నెలోకి కాక ఆమె చేతివంక చూసే రకాన్ని. మా తోటికోడలు ఒకసారి జనరేటరు దగ్గర నిలబడి, “అక్కా, దీనిమీద గింత తడి మంచిదేనంటవా?” అని నసిగింది. ఏడో తరగతి వాళ్ళు నాకు చెప్పేది ఏముందని, వెళ్ళి పప్పు చూడమన్నాను. మరునాడు గోనెసంచి కింద పడి ఉంది. నా ఉపాయానికి పేరొచ్చిందని ఓర్వలేక తీసేసిందని నేను తేల్చుకొని, ముంచి మళ్ళీ కప్పాను.

ఎండలు ముదిరాక ఒకరోజు జనరేటరు పెట్రోలు మీద బాగానే లేచి, కిరసనాయిలుకు తిప్పగానే రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. అదృష్టం కొద్దీ ఆ రోజు మామకు ఆయాసం లేదు. మెకానిక్కును పిలిపిస్తే, ట్యాంకు కింద వేలాడే చిన్న గాజు కప్పు విప్పి చూపించి, “కిరసనాయిల్ల నీళ్లు గలిసినయమ్మా, నీళ్లు బరువు గద, కిందికి దిగుతయి. గీ కప్పుల నిండినయంటె ఇంజను సస్తది” అన్నాడు. కప్పు ఖాళీ చేసి, తుడిచి, బిగించి పోయాడు. నా అనుమానం నేరుగా రేషను దుకాణం మీదికి పోయింది. నీలం రంగు కిరసనాయిల్లో నీళ్ళు కలిపి అమ్ముతున్నారని ఊళ్ళో ఎన్ని మాటలు వినలేదు! మా మరిదితో వేరే చోట నుంచి తెప్పించాను. ఆ తరువాత జనరేటరు మళ్ళీ ఆగలేదు. చూశారా నా అంచనా అని అందరితో అన్నాను. మెకానిక్కు కప్పు విప్పుతున్నప్పుడు వంటింటి గడపలో మా తోటికోడలు నిలబడి కన్నార్పకుండా చూసిన సంగతి మాత్రం అప్పుడు నేను లెక్కలోకి తీసుకోలేదు.

ఇంకో వింత మొదలైంది. కరెంటు పోని రోజుల్లో కూడా ట్యాంకులో కిరసనాయిలు తగ్గసాగింది. చీపురుపుల్ల ముంచి, తడి ఎంతవరకు అంటిందో చూసి గోరుతో గీత పెట్టుకునేదాన్ని. పొద్దున చూస్తే గీతకు కిందనే ఉండేది, ఎక్కువేమీ కాదు, ఒక చుక్కంత. ఒక చుక్క చాలు నాకు. అన్నాల దగ్గర అందరూ కూర్చున్నప్పుడు కిరసనాయిలు ఎవరో తీస్తున్నారని పైకే అన్నాను. అత్తమ్మ రేషను వాళ్ళను తిట్టింది. మా తోటికోడలి చేతిలోని గంటె జారి కింద పడింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుందే అనుకున్నాను. అప్పటి నుంచి దాని వెనక నీడలాగా తిరిగాను. దాని కొంగు వాసన చూస్తే కిరసనాయిలు వాసన వచ్చేది. స్టవ్వు మీద వండే ఇంట్లో ఎవరి కొంగైనా ఆ వాసనే వస్తుందని తోచేంత తీరిక నా బుద్ధికి లేదు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి ముగ్గుపిండి తట్టలేదేమో, నాకు తట్టింది. ఒకనాడు పడుకోబోయే ముందు పాత పంచెగుడ్డలో ముగ్గుపిండి మూటగట్టి, జనరేటరు ముందు నేలంతా పలచగా దులిపాను. పొద్దున లేచి చూస్తే పిండిలో అడుగులు అచ్చు గుద్దినట్టు పడి ఉన్నాయి. నాలుగే వేళ్ళు. చిటికెనవేలు లేదు. అబద్ధమెందుకు, నాకు బాధ కంటే గెలుపే ఎక్కువ. అడుగుల వెంట చూపు సారిస్తే గోడవారగా పేర్చిన పిడకల దాకా పోయాయి. పిడకలు కదిపితే వెనక పాత గుడ్డ చుట్టిన సీసా ఒకటి, మూత దగ్గర గుడ్డ కొంచెం తొలగి లోపల నీలంగా మెరుస్తున్నది. గుడ్డ విప్పలేదు. ఇంకా చూడటానికి ఏమున్నదని? దేనికి దాస్తున్నదో, పుట్టింటికి పంపుతున్నదేమో, వాళ్ళకు బావి దగ్గర ఆయిలు ఇంజను ఉన్నదని ఒకసారి అన్నది కదా, అని నాలో నేనే కథంతా అల్లేసుకున్నాను.

మా ఆయనకు చెప్పలేదు, అత్తమ్మకూ చెప్పలేదు. చెబితే ఇల్లు రెండు ముక్కలవుతుందని భయం. చెప్పకుండా మంచిదాన్ని అనిపించుకోవాలనే యావ కూడా ఉంది. బజారుకు పోయి ఇత్తడి తాళం ఒకటి తెచ్చి జాలీ డబ్బాకు వేశాను, కుక్కలు మరీ ఎక్కువైనాయని అందరికీ చెప్పాను. మా తోటికోడలు ఆ తాళాన్ని చాలాసేపు చూసింది. చూసి, “అక్కా, తాళంచెవి గీడ గోడ మొలకు తగిలియ్యరాదు? మామకు అక్కెర పడ్తె ఎట్ల?” అని అడిగింది. ఎంత తెలివి చూడు అనుకొని, అక్కర పడితే నేను లేనా అన్నాను. తాళంచెవి కొంగున ముడివేసుకొని తిరిగాను, స్నానానికి పోయినా వెంటే తీసుకుపోయాను. గోనెసంచి మాత్రం రోజూ తడుపుతూనే ఉన్నాను. పది పన్నెండు రోజులు గడిచాయి, మామకు ఆయాసం రాక జనరేటరు లేపే అవసరం పడలేదు. పుల్ల మీద గీత చుక్క కూడా దిగలేదు. దొంగ చెయ్యి ఆగింది కదా అని నాకు నేనే సెబాసు చెప్పుకున్నాను.

అప్పుడు కొండపాకలో మా దూరపు చుట్టాలింట్లో పెళ్ళి పడింది. బడి సెలవులైనా మా ఆయన పరీక్ష పేపర్లు దిద్దే పని మీద పోయాడు, మరిది దుకాణానికి పోయాడు. అత్తమ్మా నేనూ పొద్దున బస్సుకు పోయాము, పన్నెండు లోపల తిరిగి వస్తామనుకున్నాము. తాళంచెవి కొంగుననే ఉంది. ముడి విప్పి మొలకు తగిలించి పోదామా అని గడప దగ్గర ఒక్క క్షణం ఆగాను. ఆగిన మాట నిజం. తగిలించలేదు. పెళ్ళివారు భోజనాలు ఆలస్యం చేశారు, ఎక్కవలసిన బస్సు నిండిపోయింది. తరువాతి బస్సు సిద్దిపేట పొలిమేరకు వచ్చేసరికి ఆకాశం ఎర్రబడి గాలిదుమారం లేచింది. ఎదుటి మనిషి కనపడనంత దుమ్ము. కరెంటు పోయి ఉంటుందని బస్సులోనే అర్థమైంది. మామ గుర్తొచ్చాడు, కొంగు ముడి గుర్తొచ్చింది. బస్టాండులో ఒక్క ఆటో లేదు. అత్తమ్మను మెల్లగా రమ్మని చెప్పి, చెప్పులు చేతపట్టుకొని పరుగెత్తాను.

వెనక వాకిట్లో నుంచి దూరితే నాకు మొదట కనిపించింది జాలీ తలుపు. వంగి వేలాడుతున్నది. తాళం విరిగి కింద పడి ఉన్నది, పక్కన రోకలి. నేలంతా కిరసనాయిలు. దాని నడుమ గొంతుక్కూర్చుని, మొహమంతా మసి, చేతిలో ఆ గాజు కప్పు పట్టుకొని మా తోటికోడలు. ఇంతదాకా పరుగెత్తుకొచ్చింది మామ కోసమే. అయినా ఆ క్షణాన నా నోట్లో నుంచి వచ్చిన మాట ఇన్నేళ్ళయినా నన్ను వదలలేదు. “దొరికినవ్ గదనే!” అన్నాను.

అది తల కూడా ఎత్తలేదు. కప్పు బిగిస్తూనే, “మాట తర్వాత అక్కా, నా చెయ్యి కాలింది. తాడు నువ్ గుంజు” అన్నది. అప్పుడు వినబడింది లోపల నుంచి మామ ఊపిరి, పిల్లి కూత లాంటి సన్నని ఈల, మధ్యలో ఆగి, మళ్ళీ. తాడు గుంజాను. రెండోసారికి లేచింది. పిడి కిరసనాయిలుకు తిప్పింది మా తోటికోడలే. ఇంజను ఒక్క క్షణం తడబడి సర్దుకొని నడిచింది. నేను లోపలికి పరుగెత్తి మూత మామ మొహానికి తగిలించి పట్టుకున్నాను. ఆయన గోళ్ళు నీలంగా ఉన్నాయి. ఆ రంగు పోయి మామూలు రంగు వచ్చేదాకా నేను మొక్కని దేవుడు లేడు.

అంతకుముందు జరిగింది తరువాత తెలిసింది. దుమ్ము లేవగానే మామకు ఆయాసం మొదలైంది, కరెంటు పోయింది. కేకలేస్తే గాలికి వాడకట్టులో ఎవరికీ వినబడలేదు, మనిషిని వదిలి పోదామంటే ధైర్యం చాలలేదు. రోకలితో తాళం పగలగొట్టి ఇంజను లేపితే పెట్రోలు మీద నడిచి, కిరసనాయిలుకు తిప్పగానే ఆగిపోయింది. మళ్ళీ లేపింది, మళ్ళీ ఆగింది. మూడోసారికి చిన్న ట్యాంకులో పెట్రోలు కూడా అడుగున కాస్తే మిగిలింది. అప్పుడు కప్పు విప్పబోతే అరచెయ్యి పొగగొట్టానికి ఆని కాలిపోయింది. కాలిన చేత్తోనే విప్పింది. కప్పు నిండా నీళ్ళు, ఒక్క చుక్క కిరసనాయిలు లేదు.

సాయంత్రం మామ దిండుకు ఆనుకొని కూర్చున్నాక, మాట వచ్చాక, నన్ను దగ్గరికి పిలిచి మెల్లగా అడిగాడు. “తాళం దేనికేసినవ్ బిడ్డా? మిషన్‌కా, నా పానానికా?” కోపంగా అడగలేదు. కోపంగా అడిగితే బాగుండేది.

నేను వసారాలోకి వచ్చి పిడకల వెనక సీసా తీసి, ఈసారి గుడ్డ పూర్తిగా విప్పాను. పైన రెండు వేళ్ళ మందం నీలం కిరసనాయిలు, కింద సీసా నిండా తెల్లటి నీళ్ళు. మా తోటికోడలు చేతికి మందు రాసుకొని వచ్చి పక్కన కూర్చున్నది. అప్పుడు చెప్పింది, తడి గోనెసంచిలో నుంచి నీళ్ళు ట్యాంకు మూతకున్న గాలి కన్నంలో నుంచి లోపలికి దిగుతున్నాయని. మెకానిక్కు కప్పు విప్పిన రోజే దానికి అర్థమైంది, వాళ్ళ బావి దగ్గర ఇంజను నడిపిన చెయ్యి కదా. రోజూ తెల్లవారుజామున వాకిలి చల్లడానికి లేచినప్పుడు కప్పు విప్పి నీళ్ళు సీసాలోకి వంచి, మళ్ళీ బిగించేదట. నీళ్ళతో పాటు వచ్చిన కాస్త కిరసనాయిలు పారబోయడం ఇష్టంలేక దాచిందట. నా జనరేటరు ఆగకుండా నడిచింది కొత్త దుకాణం వల్ల కాదు.

మరి నాకెందుకు చెప్పలేదే అంటే, “ఒక్కపారి చెప్పబోతి గద అక్కా, వద్దంటివి. ఉపాయం నీదని వాడకట్టంత మామ చెప్పుకొచ్చె. నేనంటె నువ్వు చిన్నబోతవు. నీళ్లు వంచుడు ఎంత పని?” అన్నది. ముగ్గుపిండి సంగతి అడిగాను. చూశానన్నది. నన్ను పట్టుకోవడానికే చల్లావని కూడా తెలుసన్నది. “చూస్తి గానీ, పని ఆపితె మామకెట్ల?” అన్నది. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్టు, నీళ్ళు కలిపిన దొంగ కోసం నేను రేషను దుకాణం నుంచి పిడకల దాకా వెతికాను. చెంబు నా చేతిలోనే ఉన్నది.

క్షమించమని అడగడం మా కాలంలో తోటికోడళ్ళ మధ్య అలవాటు లేదు. నేను అడగలేదు. కాలిన చెయ్యి మానేదాకా పదిహేను రోజులు తల దువ్వి జడ వేశాను, ముద్దలు కలిపి నోట్లో పెట్టాను. మొదటి ముద్ద పెడుతుంటే ఏడుపొచ్చింది, పచ్చడి కారమని చెప్పాను. అది నమ్మినట్టు తలూపింది. విరిగిన తాళం మళ్ళీ బాగుచేయించలేదు. గోనెసంచి ఆరబెట్టి మడిచి, ఆ జాలీ డబ్బా మీద కొబ్బరాకులతో పందిరి వేశాము. ఆ ఉపాయం ఎవరిదని వాడకట్టు వాళ్ళు అడిగితే మా చెల్లెదని చెప్పాను. అంతకుముందు దాన్ని చెల్లె అన్న గుర్తు నాకు లేదు.

మామ ఆ తరువాత ఇంకొన్ని ఎండాకాలాలు చూసి, ఒక వానాకాలంలో నిద్రలోనే పోయాడు. ఆ తరువాత వేరు పడ్డాము, కొట్లాట లేకుండానే, మా చెల్లె వాళ్ళు రాయపోల్ చేరారు. జనరేటరును ఎవరో బోరుబావి వాళ్ళు తీసుకుపోయారు. ఇప్పుడు మా అపార్టుమెంటులో కరెంటు పోతే ఫ్యాను ఆగకముందే కింద జనరేటరు దానంతట అదే లేస్తుంది. ఎవరూ కొంగు దోపనక్కరలేదు, తాడు గుంజనక్కరలేదు. పచ్చని డబ్బాలో ఉంటుంది, దాని కప్పు ఎక్కడుంటుందో నాకు కూడా తెలియదు. ఏడాదికొకసారి కంపెనీ మనిషి వచ్చి చూసిపోతాడు. మిగతా రోజుల్లో దాని మొహం చూసేవాడు ఆ వాచ్‌మన్ ఒక్కడే.

నిన్న రాయపోల్‌కు ఫోను చేసి మా చెల్లెకు ఈ కెమెరా సంగతి చెప్పాను. మోకాళ్ళ నొప్పులతో మూలుగుతూనే నవ్వి, “గప్పుడు కెమెరా ఉంటె నీకు ముగ్గుపిండి మిగులుతుండె గదనే అక్కా” అన్నది. నేనూ నవ్వాను. వాచ్‌మన్ దొంగ కాడని నేనేమీ అనను, కావచ్చు, నాకు తెలియదు. పొద్దున సంఘం వాళ్ళు వస్తే సంతకం చేయనని చెప్పాను, ముందు అతణ్ణి కూర్చోబెట్టి అడగండన్నాను. ముసలిదానికి చాదస్తమని మొహాలు చూసుకున్నారు. ఆ ఎండాకాలం మా వసారాలో కెమెరా ఉంటే, చీకటి విడవకముందే లేచి, అటూఇటూ చూసి, ట్యాంకు కింద చెయ్యి పెట్టి, సీసా నింపి, పిడకల వెనక దాచిన ఆడమనిషి దాంట్లో చక్కగా కనిపించేది. నేను ఇల్లంతా పిలిచి చూపించేదాన్ని. ఎవరూ కాదనగలిగేవాళ్ళు కారు, అదీ తల వంచుకొని పుట్టింటికి పోయేది. సీసాకు చుట్టిన ఆ గుడ్డను మాత్రం ఎవరమూ విప్పేవాళ్ళం కాదు.